ఇంట్లో మైనింగ్ మెషీన్ పెడితే మిగిలేది ఎంత?

బిట్‌కాయిన్ ధర పెరిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న మళ్లీ చర్చకు వస్తుంది. మైనింగ్, అంటే కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే పని, చేసే పెద్ద మెషీన్ ఒకటి కొని గ్యారేజీలో పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా? అమ్మేవాళ్లు మూడు అంకెలు చూపిస్తారు: 200 టెరాహ్యాష్, 3500 వాట్లు, రోజుకు ఇంత ఆదాయం. చాలామంది మొదటిది చూసి ఆశపడతారు, మూడోది చూసి కొంటారు. అసలు సంగతి రెండో అంకెలోనూ, అక్కడ రాయని నాలుగో అంకెలోనూ ఉంటుంది. ఆ నాలుగోది మొత్తం నెట్‌వర్క్ హ్యాష్‌రేట్, అంటే ప్రపంచంలోని మైనింగ్ మెషీన్లన్నిటి వేగం కలిపితే వచ్చేది. ఈ నాలుగూ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలిస్తే ఏ మెషీన్‌నైనా కాగితం మీద సొంతంగా తూచుకోవచ్చు.

మెషీన్ లోపల జరిగేది ఏమిటి

మైనింగ్ మెషీన్ కఠినమైన గణిత సమస్యలు పరిష్కరిస్తుందని తరచూ రాస్తుంటారు. అది పూర్తిగా సరికాదు. అది చేసేది ఒకే రకం ప్రయత్నం, ఊపిరి తిప్పుకోకుండా. కొత్త లావాదేవీల బ్లాకు తాలూకు సమాచారానికి ఒక అంకె జోడించి, షా-256 అనే సూత్రంలో రెండుసార్లు నడుపుతుంది. వచ్చిన ఫలితం నెట్‌వర్క్ పెట్టిన హద్దు కంటే చిన్నదైతే బ్లాకు దొరికినట్టు. లేకపోతే అంకె మార్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇలాంటి ఒక్కో ప్రయత్నాన్ని హ్యాష్ అంటారు. సెకనుకు లక్ష కోట్ల హ్యాష్‌లు చేస్తే ఒక టెరాహ్యాష్. అంటే 200 టెరాహ్యాష్ మెషీన్ సెకనుకు రెండు కోట్ల కోట్ల సార్లు ప్రయత్నిస్తుంది.

వినడానికి భయంకరమైన వేగమే. కానీ ఆ వేగానికి విడిగా విలువ లేదు, ఎందుకంటే బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకే రావాలి. ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి, దాదాపు రెండు వారాలకు, నెట్‌వర్క్ తనంతట తానే లెక్క చూసుకుంటుంది. బ్లాకులు త్వరగా వస్తుంటే హద్దును బిగిస్తుంది, ఆలస్యమవుతుంటే సడలిస్తుంది. ఈ హద్దు ఎంత బిగువుగా ఉందో చెప్పేదే డిఫికల్టీ. ప్రపంచంలో మెషీన్లు రెట్టింపయినా రోజుకు వచ్చే బ్లాకులు సుమారు 144 మాత్రమే.

ఒక్కో బ్లాకుకు బహుమతి 2009లో 50 బిట్‌కాయిన్లు. దాదాపు నాలుగేళ్లకోసారి అది సగమవుతూ 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125 అయింది. ఈ సగం కావడాన్ని హాల్వింగ్ అంటారు. ఇప్పుడు రోజుకు 144 బ్లాకులు, ఒక్కోదానికి 3.125 అంటే 450 బిట్‌కాయిన్లు. లావాదేవీల ఫీజులు దీనికి అదనం, కానీ మామూలు రోజుల్లో అవి ఇందులో చిన్న భాగమే. ప్రపంచంలోని మైనర్లందరూ పంచుకునేది ఈ 450నే.

వాటా ఎంతో చూద్దాం

కాబట్టి మెషీన్ కొనడమంటే ఆ 450లో ఒక వాటా కొనడం. ఆ వాటా లెక్క సులువే. మొత్తం నెట్‌వర్క్ హ్యాష్‌రేట్ 2025లో 1000 ఎక్సాహ్యాష్ దాటింది. ఒక ఎక్సాహ్యాష్ అంటే 10 లక్షల టెరాహ్యాష్. లెక్క తేలిగ్గా ఉండటానికి నెట్‌వర్క్ సరిగ్గా 1000 ఎక్సాహ్యాష్ అనుకుందాం. అంటే 100 కోట్ల టెరాహ్యాష్. అందులో మన 200 టెరాహ్యాష్ వాటా 50 లక్షల్లో ఒక వంతు. 450 బిట్‌కాయిన్లలో 50 లక్షల వంతు అంటే 0.00009 బిట్‌కాయిన్. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలు ఉంటాయి కాబట్టి ఇది రోజుకు 9000 సతోషీలు.

ఇది సగటు. ఒంటరిగా మైనింగ్ చేస్తే ఈ 9000 రోజూ చేతికి రాదు. దొరికితే బ్లాకు మొత్తం దొరుకుతుంది, లేకపోతే ఏమీ రాదు. ఏడాదికి సుమారు 52,560 బ్లాకులు వస్తాయి కాబట్టి, 50 లక్షల బ్లాకులకు ఒకటి చొప్పున అంటే సగటున 95 ఏళ్లకు ఒకటి. రేపే తగలవచ్చు, జీవితకాలంలో ఎప్పుడూ తగలకపోవచ్చు. అందుకే మైనర్లు పూల్‌లో చేరతారు. అందరి ప్రయత్నాలూ కలిపి, దొరికినదాన్ని పనిని బట్టి పంచుకోవడమే పూల్. మొదటి పూల్ 2010లోనే వచ్చింది. కొన్ని పూల్స్ బ్లాకు దొరికినా దొరక్కపోయినా చేసిన పనికి లెక్కకట్టి ఇస్తాయి, ఫీజు కాస్త ఎక్కువ తీసుకుంటాయి. మరికొన్ని బ్లాకు దొరికినప్పుడే పంచుతాయి, ఫీజు తక్కువ. దీర్ఘకాలంలో రెండింటి మధ్య తేడా స్వల్పం.

అసలైన కొలత: టెరాహ్యాష్‌కు ఎన్ని జౌళ్లు

ఇప్పుడు రెండో అంకెకు వద్దాం. 3500 వాట్ల మెషీన్ రోజంతా నడిస్తే 84 యూనిట్ల కరెంటు తాగుతుంది, నెలకు 2520 యూనిట్లు. రోజుకు 9000 సతోషీల రాబడిని 84తో భాగిస్తే యూనిట్‌కు 107 సతోషీలు. మెషీన్ గురించి ఒకే ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోవాలి. ఒక యూనిట్ కరెంటును ఈ మెషీన్‌లో పోస్తే 107 సతోషీలు బయటికొస్తాయి. మీరు కట్టే యూనిట్ ధర అంతకంటే ఎక్కువైతే, మెషీన్ ఉచితంగా వచ్చినా నష్టమే.

దీన్ని మీ డబ్బులోకి మార్చడం కష్టం కాదు. బిట్‌కాయిన్ ధర మీ కరెన్సీలో ఎంతుందో చూసి, దాన్ని 9,35,000తో (10 కోట్లను 107తో భాగిస్తే వచ్చేది) భాగించండి. వచ్చినది మీ యూనిట్ ధర కంటే తక్కువైతే అక్కడితో ఆగిపోవచ్చు. యూనిట్ ధర తీసుకునేటప్పుడు బిల్లులో ఉన్న సగటు తీసుకోకూడదు. చాలాచోట్ల వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, నెలకు 2520 యూనిట్లు అదనంగా పడితే అవన్నీ పై స్లాబులోకే వెళతాయి. లెక్కలోకి రావాల్సింది ఆ పై రేటు, పన్నులతో సహా.

పాత మెషీన్లను ఇదే కొలతతో చూస్తే అవి చవగ్గా ఎందుకు దొరుకుతాయో తెలిసిపోతుంది. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9 సుమారు 13.5 టెరాహ్యాష్, 1320 వాట్లు. వాట్లను టెరాహ్యాష్‌లతో భాగిస్తే ఒక్కో టెరాహ్యాష్‌కు ఎన్ని జౌళ్ల కరెంటు పడుతుందో తెలుస్తుంది, దీనికి దాదాపు 98 జౌళ్లు. పై నెట్‌వర్క్ లెక్కలో దానికి యూనిట్‌కు 19 సతోషీలే వస్తాయి. 2020 నాటి ఎస్19 ప్రో 110 టెరాహ్యాష్, 3250 వాట్లు, అంటే 29.5 జౌళ్లు, యూనిట్‌కు దాదాపు 63 సతోషీలు. మనం ఉదాహరణగా తీసుకున్న 200 టెరాహ్యాష్, 3500 వాట్ల మెషీన్ ఎస్21 కొలతలకు సరిపోతుంది, 17.5 జౌళ్లు, 107 సతోషీలు. ఎస్19 ప్రో, ఎస్21 రెండూ దాదాపు ఒకే కరెంటు తీసుకుంటాయి. రాబడిలో మాత్రం ఎంత తేడా ఉందో చూడండి. చవక అని పాత మెషీన్ కొన్నవాళ్లు మిగిలిన డబ్బును నెలనెలా కరెంటు బిల్లులో కట్టేస్తారు.

పెట్టుబడి తిరిగొచ్చే లెక్క ఎక్కడ తప్పుతుంది

అమ్మకం పేజీలో ఉండే "ఇన్ని నెలల్లో పెట్టుబడి వెనక్కి" అనే మాట మెషీన్ ధరను ఈరోజు ఆదాయంతో భాగించి చెప్పేది. అది రేపు కూడా ఇలాగే ఉంటుందనుకుంటుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. దీన్ని కావాలనే సతోషీలలో వేస్తున్నాను, ఎందుకంటే అసలు పోటీ "అదే డబ్బుతో బిట్‌కాయినే కొంటే" అనే ఆలోచనతో.

మెషీన్ ధర 40 లక్షల సతోషీలు అనుకుందాం. పూల్ ఫీజు 2 శాతం పోగా రోజు రాబడి 8820. కరెంటు యూనిట్‌కు 70 సతోషీలు, 84 యూనిట్లకు 5880. మిగిలేది రోజుకు 2940. ఏమీ మారకపోతే 40 లక్షలు వెనక్కి రావడానికి 1360 రోజులు, మూడేళ్ల తొమ్మిది నెలలు. ఇక్కడిదాకా చాలామంది వేసుకుంటారు.

ఇప్పుడు నెట్‌వర్క్ పెరుగుదల వల్ల మన వాటా నెలకు 2 శాతం తగ్గుతుందని అనుకుందాం. బిట్‌కాయిన్ ధర మారలేదు. రాబడి మెల్లగా జారుతుంది కానీ కరెంటు ఖర్చు రోజుకు 5880 దగ్గరే నిలబడి ఉంటుంది. ఇరవయ్యో నెలకు రెండూ సమానమైపోతాయి. ఆ తర్వాత నడిపితే నష్టం, కాబట్టి ఆపేయాలి. ఈ ఇరవై నెలల్లో నికరంగా మిగిలేది సుమారు 8 లక్షల 70 వేల సతోషీలు. పెట్టింది 40 లక్షలు. మిగతాది మెషీన్‌ను అమ్మి రాబట్టాలి, అప్పటికి దాన్ని కొనేవాడు కూడా ఇదే లెక్క వేస్తాడు.

కరెంటు పూర్తిగా ఉచితమైతే? అదే 2 శాతం తగ్గుదలతో 40 లక్షలు రాబట్టడానికి దాదాపు 18 నెలలు. ఉచిత కరెంటుతో కూడా ఏడాదిన్నర పట్టడం చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది.

ధర పెరుగుతుంది కదా అనే వాదన నిజమే, కానీ సగమే నిజం. బిట్‌కాయిన్ ధర రెట్టింపయితే కరెంటు ఖర్చు సతోషీలలో సగమవుతుంది, రోజు మిగులు 2940 నుంచి 5880కి పెరుగుతుంది. అయితే ఆ 40 లక్షల సతోషీలను కొని ఊరికే ఉంచుకున్నవాడి డబ్బు కూడా రెట్టింపయింది. పైగా ధర పెరిగితే మూలన పడేసిన మెషీన్లన్నీ మళ్లీ ఆన్ అవుతాయి, కొత్తవి వస్తాయి, కొద్ది నెలల్లో డిఫికల్టీ ఆ లాభాన్ని మింగడం మొదలుపెడుతుంది. అది ఎప్పుడూ పైకే పోదు. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించినప్పుడు జూలైలో డిఫికల్టీ ఒక్కసారే దాదాపు 28 శాతం పడిపోయింది, అప్పుడు మెషీన్లు నడుపుతున్నవాళ్లకు పండగే అయింది. అలాంటిది వస్తుందని ముందే రాసుకుని కొనలేం, అంతే.

గ్యారేజీ ఏమంటుంది

డబ్బు లెక్క సరిపోయినా ఇల్లు ఒప్పుకోవాలి. నాకు తెలిసి, ఇంటి మైనింగ్ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ముందు వైరింగ్. 3500 వాట్లు 230 వోల్టుల మీద అంటే 15.2 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్‌కు సరిపోతుందిగా అనిపిస్తుంది. కానీ గీజర్ అంతే కరెంటు తీసుకున్నా కాసేపటికి ఆగిపోతుంది, వైరుకు చల్లబడే సమయం దొరుకుతుంది. ఇది రాత్రీ పగలూ ఆగదు. ప్లగ్ కాస్త వదులుగా ఉన్నా ఆ చోట వేడి పుట్టి, ప్లాస్టిక్ రంగు మారి, చివరికి కరుగుతుంది. ఆగకుండా నడిచే లోడు లైను సామర్థ్యంలో 80 శాతం మించకూడదని ఎలక్ట్రీషియన్లు పాటించే పద్ధతి. ఆ ప్రకారం కనీసం 19 ఆంపియర్ల సామర్థ్యం కావాలి. అంటే దీనికోసమే విడిగా లాగిన మందపాటి వైరు, దానికి తగ్గ బ్రేకర్. 110–120 వోల్టుల సరఫరా ఉన్న దేశాల్లో మామూలు సాకెట్‌లో ఈ మెషీన్ అసలు నడవదు, 240 వోల్టుల లైను వేయించుకోవాల్సిందే. మల్టీప్లగ్, ఎక్స్‌టెన్షన్ బాక్సుల ఊసే ఎత్తకూడదు.

తర్వాత వేడి. మెషీన్‌లోకి వెళ్లిన 3500 వాట్లూ చివరికి వేడిగానే బయటికొస్తాయి. ఒక టన్ను ఏసీ బయటికి నెట్టగలిగే వేడి సుమారు 3517 వాట్లు. అంటే ఒక్క మెషీన్ వేడిని ఏసీతో తీసేయాలంటే ఒక టన్ను ఏసీ ఆగకుండా నడవాలి. దానికి ఇంకో వెయ్యి వాట్లకు పైనే పోతుంది, యూనిట్‌కు 107 సతోషీల లెక్క అక్కడే చెదిరిపోతుంది. కాబట్టి ఏసీ దారి కాదు, గాలి దారి. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న గ్యారేజీ తలుపులు మూసి ఈ మెషీన్ ఆన్ చేస్తే, గాలి ఒక్కటే వేడిని తీసుకుంటుందనుకుంటే నిమిషానికి దాదాపు రెండు డిగ్రీలు పెరుగుతుంది. గోడలు, నేల కొంత పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా అంత వేగంగా పెరగదు, కానీ పెరగడం ఆగదు. తయారీదారులు సాధారణంగా ఒప్పుకునే గాలి ఉష్ణోగ్రత 40–45 డిగ్రీల దాకానే. అది దాటితే మెషీన్ తనే వేగం తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది.

గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోతే చాలనుకుంటే సెకనుకు దాదాపు 0.3 ఘనపు మీటర్ల గాలి కావాలి.  అసలు చిక్కు ఆ వేడి గాలి మళ్లీ ముందువైపు తిరిగి రాకుండా చూడటంలో ఉంది. వెనకవైపు నుంచి డక్ట్ (గాలి గొట్టం) వేసి బయటికి పంపాలి, చల్లగాలి మరో గోడ నుంచి రావాలి. ఒకే కిటికీ లోపలికీ బయటికీ అంటే పని జరగదు. వచ్చే గాలితో దుమ్ము వస్తుంది, ఫిల్టర్ పెడితే గాలి తగ్గుతుంది, ఫిల్టర్ శుభ్రం చేయకపోతే ఇంకా తగ్గుతుంది.

ఇక శబ్దం. గాలితో చల్లబరిచే పెద్ద మెషీన్లు దాదాపు 75 డెసిబెల్‌లు. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. పది డెసిబెల్‌లు పెరిగితే చెవికి రెట్టింపు అనిపిస్తుంది, అంటే ఇది మాటల శబ్దానికి దాదాపు మూడు రెట్లు. పైగా అది సన్నగా కీచుమనే శబ్దం, ఇరవై నాలుగు గంటలూ ఒకే స్థాయిలో. గ్యారేజీ గోడ అవతల పడకగది ఉంటే ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు, పక్కింటివాళ్లతో టెన్షన్ మొదలవుతుంది. శబ్దం ఆపే పెట్టె కడితే గాలి ఆగుతుంది. రెండూ కుదిరే పెట్టె చేయడం సాధ్యమే, కానీ పెద్ద డక్ట్, పెద్ద నెమ్మది ఫ్యాను, మంచి పనితనం కావాలి. మెషీన్ వేగం తగ్గించి నడపడం ఇంతకంటే తేలిక. ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ తగ్గిస్తే హ్యాష్‌రేట్ తగ్గినదానికంటే కరెంటు ఎక్కువగా తగ్గుతుంది, టెరాహ్యాష్‌కు జౌళ్లు మెరుగవుతాయి, ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. బయటి ఫర్మ్‌వేర్‌తో (మెషీన్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌తో) ఇలా చేస్తే వారంటీ పోవచ్చు, అది ముందే చూసుకోవాలి.

అయినా ఎందుకు పెట్టుకుంటున్నారు

ఇంత చదివాక, మరి ఇళ్లలో మైనింగ్ చేసేవాళ్లు లెక్క రానివాళ్లా అనిపించవచ్చు. కాదు. వాళ్ల వాదనల్లో బలమైనవి ఉన్నాయి.

అన్నిటికంటే గట్టిది వేడి వాడకం. చలి దేశాల్లో మామూలు ఎలక్ట్రిక్ హీటర్‌తో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లకు ఆ కరెంటు ఎలాగూ ఖర్చయ్యేదే. మెషీన్ కూడా యూనిట్‌కు అంతే వేడి ఇస్తుంది, పైగా 107 సతోషీలు ఇస్తుంది. వాళ్ల లెక్కలో కరెంటు ఖర్చు దాదాపు సున్నా. కానీ ఇదే ఇంట్లో హీట్ పంప్ ఉంటే వాదన బలహీనపడుతుంది, ఎందుకంటే అది ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి తెస్తుంది. ఎండాకాలం వస్తే మెషీన్ ఊరికే పడి ఉంటుంది, ఆ నెలల్లో కూడా దాని వాటా తరుగుతూనే ఉంటుంది.

సోలార్ వాదనను ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. మిగులు కరెంటు ఉచితం అనిపిస్తుంది. దాన్ని గ్రిడ్‌కు అమ్మే వీలుంటే, అమ్మితే వచ్చే రేటే దాని ఖర్చు. అమ్మే వీలు లేకపోతే నిజంగానే ఉచితం. కానీ ఎండ బాగా ఉండే ఐదారు గంటలే నడిపితే రాబడి నాలుగో వంతుకు పడిపోతుంది, డిఫికల్టీ మాత్రం నాలుగో వంతు వేగంతో పెరగదు.

డబ్బు కోసం కాకుండా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మైనింగ్ అంతా కొన్ని పెద్ద కంపెనీల చేతుల్లోకి పోకూడదని నమ్మి, ఇంట్లో ఒక మెషీన్ నడపడాన్ని బాధ్యతగా తీసుకునేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇప్పుడు పెద్ద మెషీన్ల జోలికి పోవడం లేదు. బిట్యాక్స్ లాంటి ఓపెన్ సోర్స్ బుల్లి పరికరం ఇరవై వాట్ల లోపే తీసుకుని, టెరాహ్యాష్‌కు అటూఇటూగా నడుస్తుంది. టేబుల్ మీద పెట్టుకోవచ్చు. బ్లాకు దొరికే అవకాశం చాలా చాలా తక్కువ, కానీ పోయేదీ తక్కువే. మైనింగ్ అంటే ఏమిటో చేతులతో నేర్చుకోవాలనే కోరికకు అది చాలు.

వేరే నాణేల మెషీన్లు

రోజు ఆదాయం బిట్‌కాయిన్ మెషీన్ కంటే ఎన్నో రెట్లు చూపించే మెషీన్లు అప్పుడప్పుడు మార్కెట్లోకి వస్తాయి. అవి వేరే నాణేలవి. ఇక్కడ రిస్క్ మరో రకం. ఈ మెషీన్ల లోపలి చిప్ ఒక్క సూత్రానికే పనికొస్తుంది, ఇంకో పనికి మార్చలేం. 2022లో ఇథీరియం కోసం యాంట్‌మైనర్ ఇ9 వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌నే వదిలేసి వేరే పద్ధతికి మారిపోయింది. ఇ9 యజమానులకు మిగిలింది ఇథీరియం క్లాసిక్ లాంటి చిన్న నాణేలే. ఆ మార్పు వస్తుందని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు, అయినా మెషీన్లు అమ్ముడయ్యాయి. కాస్పా అనే మరో నాణెంలో బహుమతి నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతూ ఏడాదికి సగమవుతుంది, అంటే నెట్‌వర్క్ పెరగకపోయినా రాబడి సగమే. చిన్న నాణెం నెట్‌వర్క్ చిన్నది కాబట్టి కొత్త మెషీన్లు కొన్ని వేలు వచ్చినా వాటా కుప్పకూలుతుంది. మెషీన్ మీకు చేరేసరికి ఆ పేజీలోని ఆదాయం పాతబడి ఉంటుంది.

2028 ముందుంది

తర్వాతి హాల్వింగ్ 2028లో వస్తుందని అంచనా. నెట్‌వర్క్ ఈ స్థాయిలోనే ఉందనుకుంటే ఆ రోజుతో 107 సతోషీలు 53 అవుతాయి. ఈరోజు 2020 నాటి ఎస్19 ప్రో ఇచ్చే 63 కంటే కూడా అది తక్కువ. గిట్టని మెషీన్లు కొన్ని ఆగిపోతాయి కాబట్టి డిఫికల్టీ కొంత దిగి ఆ దెబ్బ పూర్తిగా తగలకపోవచ్చు. అయినా రెండు మెషీన్లు ఒకే ధరకు కనిపిస్తుంటే, ఒకటి చేతికందడానికి నాలుగు నెలలు పట్టే ప్రీ-ఆర్డర్ అయితే, అది చవక కాదు. ఆ నాలుగు నెలలు హాల్వింగ్ ముందు మిగిలిన మంచి నెలల్లోంచే పోతాయి. వాడిన మెషీన్ అయితే మూడు హ్యాష్‌బోర్డులూ (హ్యాష్‌లు చేసే చిప్‌లున్న పలకలు) పనిచేస్తున్నాయో లేదో నడుస్తుండగా చూసి తీసుకోవాలి. ఒక బోర్డు పోతే 200 టెరాహ్యాష్ 133 అవుతుంది, వైరింగ్‌కూ డక్ట్‌కూ పెట్టిన ఖర్చు మాత్రం అంతే ఉంటుంది.